బొక్కలు మనవి, పట్టాలు ఎవరివి?

ప్రతి ఏడూ యూనివర్సిటీలు తమ గొప్ప చెప్పుకుంటూ లావుపాటి వార్షిక నివేదిక అచ్చేస్తాయి. ఫిజిక్సులో ఇన్ని వ్యాసాలు, కెమిస్ట్రీలో ఇన్ని, తెలుగులో ఇన్ని, సోషియాలజీలో ఇన్ని, పీహెచ్‌డీలు ఇన్ని, పేటెంట్లు ఇన్ని అని శాఖలవారీగా లెక్క. రైసుమిల్లు గుమాస్తా బస్తాలు లెక్కగట్టినట్టే ఉంటుంది. 2016 నుంచి ఢిల్లీ ప్రభుత్వం ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరుతో ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టాక ఈ లెక్కల యావ మరీ ముదిరింది. యూనివర్సిటీకి వేసే 100 మార్కుల్లో 30 పరిశోధనకే. ఆ మార్కుల కోసం లెక్కపెట్టే వ్యాసాలు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు విదేశీ కంపెనీల పట్టికల్లోకి ఎక్కినవై ఉండాలి. తెలుగులో ఎంత విలువైన సంగతి రాసినా ఆ పట్టికల్లో దానికి చోటు దొరకడం కష్టం. అంటే మన ఊరి గురించి మన భాషలో, మన ఊరోడికి అర్థమయ్యేటట్టు రాసిన ప్రొఫెసర్ కి వచ్చే మార్కు దాదాపు సున్నా. అదే సంగతి ఎవడికీ అర్థం కాకుండా ఇంగ్లీషులో రాస్తే మార్కు.

మొన్న మా డివిజన్ కార్యకర్తలం కూచున్నప్పుడు ఈ ముచ్చట వచ్చింది. ఒక తమ్ముడు లేచి, "సారూ, ఈ పీహెచ్‌డీలు మనకెందుకు? వాళ్లే రాసుకుంటరు, వాళ్లే చదువుకుంటరు. మన వాడకు బొందలగడ్డ జాగ లేదు, ముందు గది మాట్లాడుదాం" అన్నాడు. సగంమంది చప్పట్లు కొట్టారు. ఆ తమ్ముడి కోపం నిజమైన కోపమే. కానీ ఆ మాటతో నేను ఒప్పుకోను. చదువు మనకెందుకని మనతో అనిపించడానికి మనువు నుంచి మొదలుపెట్టి ఎంతమంది ఎన్ని తంటాలు పడ్డారు! ఇవాళ ఆ మాట మన మీటింగులో మన తమ్ముడి నోట్లోంచే ఉచితంగా వస్తుంటే వాళ్లకిక పనేముంది? యూనివర్సిటీ పరిశోధన మనకు సంబంధం లేని సంగతి కాదు. అందులో మన ఒళ్లు ఉంది, మన పాట ఉంది, మన నీళ్లున్నాయి. లేనిది మన పేరు, మన వాటా. అది అడగాలంటే ముందు అక్కడ ఏం జరిగిందో తెలియాలి గదా.

ఉస్మానియా సంగతే తీసుకుందాం. మన జిల్లాల పిల్లలకు పెద్ద చదువంటే ముందు గుర్తొచ్చేది అదే. 1918లో మొదలైంది. 2017లో వందేళ్ల పండగ చేసుకుంది, రాష్ట్రపతి కూడా వచ్చిపోయాడు. ఈ వందేళ్లలో అక్కడి వాళ్లు ముట్టని విషయం లేదు. ఆకాశంతో మొదలుపెడితే, నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఉస్మానియా చేతికొచ్చింది. దేశదేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలేసుకుని పటం గీస్తుంటే, హైదరాబాదు వాటాకొచ్చిన ముక్కలో 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. తర్వాత సాగర్ రోడ్డు వైపు జపాల-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూసి రికార్డు చేశారు. ఆ రోజు మా ఊళ్లో అందరూ తలుపులు బిగించుకుని, కుండల్లో గరిక వేసుకుని కూచున్నారని మా అమ్మ చెప్పేది. చుట్టుపక్కల ఊళ్లకు పోయి, ఇది రాహువు మింగుడు కాదు, చంద్రుడి నీడ అని నాలుగు మాటలు చెప్పేటోడు లేకపోయాడు. సరే, నక్షత్రాల లెక్క మా వాడకేం పనికొస్తుందని నేను అడగను. అది తెలివితక్కువ ప్రశ్న. మా వాడ పిల్ల ఆ టెలిస్కోపు వెనకాల ఎందుకు లేదని మాత్రం అడుగుతా.

తెలుగు శాఖకు రండి. బిరుదురాజు రామరాజు గారు 1956లో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్నారు. ఆ రోజుల్లో జానపదం మీద పీహెచ్‌డీ అంటే నవ్వేవాళ్లు. ఆయన ఊరూరూ తిరిగి పాటలు కూడేసి, ఇది కూడా సాహిత్యమే అని పండితుల చేత ఒప్పించాడు. ఆ పని చిన్నది కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ దారిన తర్వాత ఎంతమంది పోయారో చూడండి. నాటుపాటల మీద, బతుకమ్మ పాటల మీద, చిందు భాగవతం మీద, డక్కలి కథల మీద ఎన్నో పట్టాలొచ్చాయి. ఉద్యోగాలొచ్చాయి, ప్రమోషన్లొచ్చాయి. పాట పాడిన ముసలమ్మ పేరు చాలాసార్లు పుస్తకం వెనకాల చిన్నక్షరాల్లో 'వక్త' అని ఉంటుంది, అదీ ఉంటే. నాట్లేస్తూ పాడినామెకు ఆ దినం కూలీ కూడా పోయే ఉంటుంది, టేపురికార్డరు ముందు కూచున్నందుకు.

ఇక మన ఊరినే పరిశోధన గదిగా చేసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. 1951-52లో ఉస్మానియా వాళ్లు హైదరాబాదుకు ఉత్తరాన 25 మైళ్ల దూరంలో ఉన్న శామీర్‌పేట అనే ఊరిని తీసుకున్నారు. ఒక్క శాఖ కాదు, సమాజశాస్త్రం వాళ్లు, వ్యవసాయం వాళ్లు, పశువైద్యం వాళ్లు, డాక్టర్లు కలిసి పోయారు. ఆలోచన మంచిదే. మనిషిని ముక్కలు చేసి ఒక్కో శాఖ ఒక్కో ముక్క పట్టుకుపోకుండా, అందరూ కలిసి ఒకే ఊరిని చూద్దామన్నారు. అందులోంచి ఎస్.సి. దూబే గారి 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం వచ్చింది. 1955లో లండన్ లో అచ్చయింది. దేశంలో సోషియాలజీ చదివిన తరాలు ఆ పుస్తకం చదివాయి. శామీర్‌పేటలో ఏ కులం ఎక్కడుంటుంది, ఎవరు ఎవరింట్లో తింటారు, మాలలు మాదిగలు ఊరి మెట్లలో అట్టడుగున ఎట్లా ఉన్నారు, ఆ ఇద్దరి మధ్య కూడా పైకిందలు ఎట్లా ఉన్నాయి, అన్నీ అందులో ఉన్నాయి. మన గురించి అబద్ధాలు రాశారని నేననను. ఉన్నది ఉన్నట్టే రాశారు. అదే నా బాధ కూడా. ఉన్నది ఉన్నట్టు రాసి, లండన్ లో అచ్చేసి, బీరువాలో పెట్టారు. అంటరానితనాన్ని వర్ణించడానికి ఒక యూనివర్సిటీ అన్ని శాఖలనూ కదిలించింది. దాన్ని పోగొట్టడానికి ఎన్ని శాఖలు కదిలాయి?

ఇంకో సంగతి. ఆ రోజు కలిసి ఊరికి పోయిన శాఖలు తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయాయి. వ్యవసాయ కాలేజీ, పశువైద్య కాలేజీ 1964లో పెట్టిన వ్యవసాయ యూనివర్సిటీ కిందికి పోయాయి. ఇప్పుడు వ్యవసాయానికి ఒకటి, పశువులకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, మూడు యూనివర్సిటీలు. ఎవరి ప్రహరీగోడ వాళ్లది. ఊళ్లో మాత్రం మనిషి, గొడ్డు, చేను ఇంకా ఒకే బావి నీళ్లు తాగుతూనే ఉన్నాయి.

బావి అన్నాను గదా, అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు చెప్తాను. మాది నల్లగొండ జిల్లా. మర్రిగూడ, నాంపల్లి వైపు పోయినోళ్లకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. ముప్పయ్యేళ్లకే నడుం వంగిపోయిన ఆడవాళ్లు, దొడ్డికాళ్ల పిల్లలు, పచ్చబడి గారపట్టిన పళ్లు. నీళ్లలో ఫ్లోరైడు. అక్కడి గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. బావి ఎంత లోతుకు పోతే, బోరు ఎంత కిందికి దిగితే ఆ నీళ్లు రాళ్ల మధ్య అంత ఎక్కువకాలం నిలవున్నవై ఉంటాయి. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని లెక్క. పళ్ల మీద మొదలై, బొక్కల్లో చేరి, కీళ్లు బిగుసుకుపోయి, వెన్నుపూస కర్రలాగ అయిపోతుంది. ఒకసారి బొక్కలో చేరిన రోగాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. మంచినీళ్లే మందు.

ఈ సంగతి ప్రపంచానికి ఎప్పుడు తెలిసిందో తెలుసా? 1955లో. సిద్దిఖీ అనే డాక్టరు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన పరిశోధన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో అచ్చయింది. డాక్టర్ల ప్రపంచంలో అంతకంటే పేరున్న పత్రికలు తక్కువ. శామీర్‌పేట పుస్తకం లండన్ లో అచ్చయిన ఏడూ అదే. నాగార్జునసాగర్ కు నెహ్రూ శంకుస్థాపన చేసింది కూడా అదే 1955, డిసెంబర్ 10న, ఇదే నల్లగొండ జిల్లాలో. మూడూ ఒకే ఏట. రోగం ఏమిటో కాగితం మీద ఉంది. ఊరు ఎట్లా బతుకుతోందో పుస్తకంలో ఉంది. కృష్ణకు అడ్డం కట్టే డ్యాముకు రాయి పడింది. ఈ మూడింటినీ కలిపి, "అయితే ఈ ఊళ్లకు తాగడానికి ఆ నీళ్లియ్యండి" అన్నవాడు లేడు. డ్యాం కట్టారు, కాలవలు తవ్వారు, నీళ్లు పల్లానికి పోయి లక్షల ఎకరాల వరి పండించాయి. మెట్టనున్న ఊళ్లు బోరు నీళ్లే తాగాయి.

ఆ తర్వాత పరిశోధనలు ఆగలేదు. జియాలజీ వాళ్లొచ్చి రాళ్లు కొట్టుకుపోయారు. కెమిస్ట్రీ వాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. డాక్టర్లు ఎక్స్‌రేలు తీశారు. సమాజశాస్త్రం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపారు. 1970లలో నాగపూర్ లోని నీరీ అనే కేంద్ర పరిశోధన సంస్థ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతి తయారు చేసి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు ఆఫ్రికాలో టాంజానియా దాకా పోయింది. ఇథియోపియాలో కూడా వాడారు. కానీ మర్రిగూడ ఆడమనిషి పొద్దున లేచి కూలికి పోవాల్నా, పటిక తూకం వేసి గంటలకొద్దీ నీళ్లు తేర్చుకుంటూ కూచోవాల్నా? ఆ ప్రశ్న ప్రయోగశాలలో పుట్టదు. నెత్తిన బిందె పెట్టుకున్నోళ్లకే పుడుతుంది. ఆ నెత్తులున్నవాళ్లను పరిశోధనలో కూచోబెట్టుకోలేదు గనక పుట్టలేదు.

అందులో మన వాడ సంగతి ఇంకా వేరు. ఊళ్లో మంచి నీళ్ల బావి ఒకటుంటే అది ఎవరి చేలో ఉంటుంది? అందులో మనల్ని చేద వెయ్యనిచ్చారా? కారంచేడులో 1985లో ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయింది మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవలోనే అని మరిచిపోవద్దు. ఫ్లోరైడుకు కులం లేదని డాక్టర్లంటారు. బావికి ఉంది. ఫ్లోరైడు ఏ వాడ బొక్కల్లో ఎక్కువ చేరిందో కులంవారీగా లెక్క తీసిన పరిశోధన కోసం నేను చాలా వెతికాను, నా కంట పడలేదు. మన డిగ్రీ పిల్లలకు ఇంతకంటే మంచి టాపిక్ ఏం కావాలి?

చివరికి నీళ్లెట్లా వచ్చాయి? వ్యాసాల వల్ల రాలేదు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి ఊరూరూ తిరిగి జనాన్ని కూడగట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వెయ్యాల్సొచ్చింది. అప్పుడు నాకు పదహారేళ్లు. దేశమంతా నల్లగొండ వైపు చూసింది, ఎక్స్‌రేల వల్ల కాదు, నామినేషన్ కాగితాల వల్ల. సర్కారు జవాబు ఎంత వేగంగా వచ్చిందో గమనించండి. నీళ్ల పైపు కంటే ముందు చట్టం వచ్చింది. అదే 1996లో లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ ను 500 నుంచి 10,000 రూపాయలు చేశారు. మనకు 250 ఉన్నది 5,000 అయింది. కృష్ణ నీళ్లు కొన్ని ఊళ్లకు ఆ తర్వాత మెల్లగా వచ్చాయి, మిగతా ఊళ్లు 2016లో మొదలైన మిషన్ భగీరథ దాకా ఆగాల్సొచ్చింది. 1955 నుంచి 2016. అరవై ఒక్క ఏళ్లు. ఆ మధ్యలో పుట్టి, వంగి, పోయినవాళ్ల లెక్క ఏ యూనివర్సిటీ వార్షిక నివేదికలోనూ ఉండదు.

ఇది చూసి ఆ తమ్ముడు, "నేనన్నది అదే గదా సారూ, పోరాటమే నీళ్లు తెచ్చింది" అంటాడు. ఔను, తెచ్చింది. కానీ పోరాటం చేతిలో ఆ కాగితం ముందే ఉంటే? 1955లోనే ఆ వ్యాసం రెండు పేజీల తెలుగులో ఊరి చావడి దగ్గర చదివి ఉంటే, సాగర్ కాలవలు గీసే ముందే మనోళ్లు రోడ్డెక్కి ఉండేవాళ్లేమో. శత్రువు చేతిలో లెక్క, మన చేతిలో ఆవేశం, ఈ పంపకం మారాలి. పరిశోధన తల్చుకుంటే ఊరికి రాదా? బాపట్లలో కనిపెట్టిన సాంబమసూరి వడ్లు 1986లో విడుదలై ఎన్ని లక్షల ఎకరాల్లోకి వచ్చాయి! బి.పి.టి. 5204 అనే నంబరు నోటికి చెప్పని రైతు లేడు. సర్కారుకు కావాలనుకున్న పరిశోధన ట్రాక్టరెక్కి వస్తుంది. మన బొక్కల మీది పరిశోధన మాత్రం బీరువా దాటదు.

తెలుగులో శాస్త్రం చెప్పడం కుదరదు, మాటలు లేవు అని ప్రొఫెసర్లు ఒక సాకు చెప్తారు. ఉస్మానియా వాళ్లు ఈ మాట అంటే నాకు నవ్వొస్తుంది. ఆ యూనివర్సిటీ పుట్టిందే ఇంగ్లీషు కాకుండా దేశభాషలో చదువు చెప్పడానికి. ఉర్దూలో. అనువాదాల కోసమే ప్రత్యేకంగా దారుల్ తర్జుమా అనే శాఖ పెట్టి, వందల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చి, లెక్కలు, సైన్సు, ఆఖరికి డాక్టరు చదువు కూడా ఉర్దూలో చెప్పారు. చేయగలమని వాళ్లే రుజువు చేశారు. పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిజాం కాలంలో గానీ తర్వాత గానీ ఊళ్లో జనం మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు. రాజు తల్చుకుంటే ఉర్దూకు మాటలు పుట్టాయి. మనకోసం తల్చుకునేవాళ్లు లేక తెలుగుకు పుట్టలేదు, అంతే.

తోలు పని ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోతాను. మా నాయిన లంద దగ్గర పెరిగాడు. సున్నంలో ఎన్ని దినాలు నానాలి, తంగేడు చెక్క ఎంత వెయ్యాలి, కరక్కాయ ఎప్పుడు కలపాలి, వానాకాలం తోలుకూ ఎండాకాలం తోలుకూ తేడా ఏంటి, ఇవన్నీ ఆయన వేళ్లకు తెలుసు. ఊరి మోటబొక్కెన ఆయన చేతి పని. ఆ బొక్కెనతోనే ఊరి చేలు పారాయి. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పెట్టారు. మన తెనాలి పక్క యలవర్రుకు చెందిన నాయుడమ్మ గారు దాన్ని ప్రపంచస్థాయికి తీసుకుపోయారు. గొప్ప శాస్త్రవేత్తే. తోలు మీద డిగ్రీలు, డాక్టరేట్లు, ఎగుమతులు అన్నీ వచ్చాయి. అదే తంగేడు చెక్క రసం గాజు సీసాలో పోస్తే టెక్నాలజీ అయింది. మా నాయిన గోలెంలో ఉంటే కంపు అయింది, అంటు అయింది. గాజు సీసా పట్టుకున్నవాణ్ణి ఎవరూ ఊరి బయట ఉండమనలేదు.

ఇప్పుడు లోపలికి పోయే దారి సంగతి. అంబేద్కర్ ను తల్చుకోకుండా ఈ మాట మొదలుకాదు. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద పరిశోధన పత్రం చదివినప్పుడు ఆయనకు పాతికేళ్లు. లండన్ లో 1923లో ఆయన డాక్టరేటు తీసుకున్నది కులం మీద కాదు, రూపాయి మీద. అంతకు ముందు చిన్న కమతాల మీద రాశాడు, తర్వాత రాష్ట్రాల ఖజానా మీద పుస్తకం వేశాడు. ఆయనకు దొరికింది బరోడా రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్. అదే బరోడాకు 1917లో ఉద్యోగానికి తిరిగొస్తే తల దాచుకోను ఇల్లు దొరకలేదు. ఉస్మానియా 1953 జనవరిలో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది, ఆ మాటకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆయన పిల్లలకు పరిశోధన సీటు ఇవ్వడంలో యూనివర్సిటీలన్నీ ఎందుకింత తంటాలు పడతాయి?

నేను ఎం.ఏ. అయ్యాక ఒక యూనివర్సిటీలో, పేరెందుకులెండి, ఎం.ఫిల్. ఇంటర్వ్యూకి పోయాను. నిజాం కాలం చెరువుల శిస్తు లెక్కల మీద చేస్తానన్నాను. పెద్దసారు నా ఫారంలో కులం గడి చూసి, నవ్వి, "నీకెందుకయ్యా ఈ లెక్కలు, దళిత సాహిత్యం తీసుకో, సులువుగా అయిపోతుంది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. సీటు రాలేదు. మా ఇంట్లో అచ్చుకాగితం చదవగలిగిన మొదటివాణ్ణి నేను. నాకు ఎదురు చెప్పడం కూడా తెలియలేదు అప్పుడు. ఇప్పటికీ మన పిల్లలకు అదే జవాబు. మన గురించి మనమే రాసుకోవాలట, నక్షత్రాలు వాళ్లు చూసుకుంటారట. దళిత సాహిత్యం మీద చేసేవాళ్లు చెయ్యాలి, నిండా చెయ్యాలి. కానీ అదొక్కటే మన గది అని తాళం వేస్తే అది ఇంకో వెలివాడ.

సెంట్రల్ యూనివర్సిటీ సంగతి మీకు తెలిసిందే. 2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్ పోయాడు, ఫిజిక్సు పరిశోధన విద్యార్థి. గైడును కేటాయించకపోవడం మీద అప్పుడే పెద్ద చర్చ జరిగింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాడు. సైన్సు రచయిత కావాలనుకున్న పిల్లవాడు. హాస్టల్ నుంచి వెలేస్తే ఆ అయిదుగురూ గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు తనకు రావాలని చివరి ఉత్తరంలో లెక్క రాసి పోయాడు. యూనివర్సిటీల వార్షిక నివేదికల్లో ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయో ఉంటుంది. రాయకుండానే పోయిన థీసిస్ లకు అందులో కాలం ఉండదు.

తలుపు ఎట్లా మూస్తారో కూడా తెలుసుకోండి. 2016లో యు.జి.సి. ఒక నిబంధన తెచ్చింది. పీహెచ్‌డీ రాతపరీక్ష పాసైతే చాలు, సీటు మాత్రం మౌఖిక పరీక్ష మార్కుల మీదే. రాతపరీక్షలో పేరు కనపడదు, మౌఖికంలో మొహం కనపడుతుంది, ఇంటిపేరు కనపడుతుంది. దేశమంతా గొడవ చేస్తే 2018లో 70, 30గా మార్చారు. రెండో తలుపు కంటికి కనపడదు. నిబంధన ప్రకారం రెగ్యులర్ అధ్యాపకుడే గైడుగా ఉండాలి. ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ కింద 6, అసిస్టెంట్ కింద 4, అంతకు మించి వీల్లేదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి ఖాళీలు నింపలేదు. పోస్టు ఖాళీ ఉంటే గైడు లేడు, గైడు లేకపోతే సీటు లేదు. ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు నింపకపోతే నలుగురు పరిశోధకులు బయట ఉన్నట్టు. రిజర్వేషన్ తీసేశామని ఎవరూ అనరు. రిజర్వేషన్ వర్తించే సీటే లేకుండా చేస్తారు. అధ్యాపక నియామకాల ధర్నాకు మన కూలి సంఘాలు కూడా పోవాలని నేననేది అందుకే. అది నిరుద్యోగ పట్టభద్రుల గొడవ అని వదిలెయ్యొద్దు.

ఊళ్లో చేయాల్సిన పని కూడా ఉంది. ఇప్పటికీ మన వాడలకు ఫారాలు పట్టుకుని వస్తూనే ఉంటారు. పిల్లలు, పాపం, వాళ్లలో మన పిల్లలూ ఉంటారు, కసురుకోవద్దు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, కొన్ని ప్రశ్నలు మనమే అడగాలి. ఏ యూనివర్సిటీ, ఏ శాఖ, నీ గైడు ఎవరు, ఈ పనికి డబ్బు ఎవరిస్తున్నారు, మా ఊరి పేరు రాస్తావా దాస్తావా, పాట చెప్పిన మా అవ్వ పేరు ఎక్కడ వేస్తావు, రాశాక మాకు తెలుగులో ఎప్పుడు తెచ్చి వినిపిస్తావు? జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకోవాలి. రక్తం గానీ ఎక్స్‌రే గానీ అడిగితే రిపోర్టు మనకూ ఇవ్వాలని ముందే చెప్పాలి. ఇందులో గొడవేం లేదు, సంత దగ్గర గొడ్డును అమ్మేటప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువే అడుగుతాం.

బీరువాలు కూడా ఇప్పుడు పూర్తిగా మూసిలేవు. 2009 నిబంధనల నుంచి పీహెచ్‌డీ థీసిస్ లను కంప్యూటర్ ప్రతిగా కూడా ఇవ్వాలి. అవి శోధ్‌గంగ అనే చోట చేరుతున్నాయి, ఇప్పటికే అయిదు లక్షలు దాటాయి. పైసా కట్టక్కర్లేదు, ఫోనులో కూడా చూడొచ్చు. మీ జిల్లా పేరు, మండలం పేరు, కులం పేరు ఇంగ్లీషులో కొట్టి చూడండి. దొరకనివాటికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి యూనివర్సిటీనే అడగొచ్చు: మా జిల్లా మీద ఇప్పటిదాకా ఏ శాఖలో ఎన్ని పరిశోధనలు జరిగాయి, ప్రాజెక్టుకు ఎంత ఖర్చయింది, ఎస్సీ ఎస్టీ పరిశోధకులు ఏ శాఖలో ఎంతమంది, ఎన్ని సీట్లు నింపలేదు. శాఖలవారీగా అడగండి. మొత్తం అంకె అడిగితే తెలుగు శాఖ, సోషియాలజీ శాఖ వెనకాల ఫిజిక్సు శాఖ దాక్కుంటుంది.

మేం మా మండలంలో బడులు తెరిచాక మొదలుపెడుతున్నాం. డిగ్రీ చదివే ముగ్గురు పిల్లలు, ఒక ఆశా వర్కరు, ఇద్దరు టీచర్లం. ముందుగా ఫ్లోరైడు మీద వచ్చినవి పట్టుకుని, ఒక్కోదాన్ని రెండేసి పేజీల తెలుగులో రాసి, ఆదివారం పొద్దున అంబేద్కర్ విగ్రహం దగ్గర చదువుతాం. వంగిన నడుముల మీద మన వాడల లెక్క కూడా అప్పుడే ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటాం, ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగారన్నది సహా. మీ మండలంలో ఇట్లాంటి పని చేస్తున్నవాళ్లుంటే పత్రికకు ఉత్తరం రాయండి. ఫారం నమూనా పంపిస్తాం.